కన్నీటిబొట్టు బండి: ప్లాను నెన్నుకొనుట ఎట్లు?

మోటారుకారు వెనుక తగిలించి లాగుకొనిపోవు చిన్న పడకబండి యొకటి అమెరికా దేశమున 1930 ప్రాంతమునుండి వాడుకలో నున్నది. దానిని వారు టియర్‌డ్రాప్ ట్రైలరు అందురు. అనగా కన్నీటిబొట్టు బండి. ముందువైపు గుండ్రముగా ఉబ్బి, వెనుకకు పోనుపోను నేలవైపు వాలిపోవు దాని ఆకారమును బట్టి ఆ పేరు వచ్చినది. లోపల ఇద్దరు పండుకొనుటకు చాలిన పరుపు ఉండును. వెనుకనున్న పెద్దమూత పైకెత్తినచో వంటబల్ల, పొయ్యి, సామానుల అరలు కనబడును. బండి ఎత్తు సుమారు 4 అడుగులే గనుక లోపల కూర్చుండవచ్చును గాని నిలుచుటకు వీలులేదు. వంట చేయువారు వెలుపల నేలమీద నిలుచుండియే చేయవలెను.

ఆ రోజులలో పాపులర్ మెకానిక్స్, మెకానిక్స్ ఇల్లస్ట్రేటెడ్ వంటి పత్రికలు ఈ బండి ప్లానులను ప్రకటించెడివి. 1945లో రెండవ ప్రపంచయుద్ధము ముగిసిన పిమ్మట మిగిలిపోయిన అల్యూమినియపు రేకులను, జీపు చక్రములను ఉపయోగించి పలువురు గృహస్థులు తమ పెరటిలోనే వీనిని కట్టుకొనిరి. తరువాత పెద్దబండ్లు వచ్చి ఇది మరుగున పడినది. 1990 తరువాత అంతర్జాలము పుణ్యమా యని మరల తలయెత్తినది. నేడు ప్లానులు లెక్కకు మిక్కిలిగా దొరకుచున్నవి. చిక్కు అక్కడనే యున్నది.

“ఈ భ్రామకములు, ఈ స్కేలులు మాకెక్కడ పనికివచ్చును?” అని విద్యార్థులు అడుగుచుందురు. ఇక్కడ పనికివచ్చును. మీరందరు ఈ బండి కట్టవలెనని నేను చెప్పుట లేదు. కాని ఒక ప్లానును చేతబట్టి ఇది నమ్మదగినదా కాదా యని తేల్చుకొనుట నేర్చినవారు, రేపు ఇల్లు కట్టించునప్పుడైనను, బల్ల చేయించునప్పుడైనను మోసపోరు. పైగా ఈ బండి విషయమున తప్పు ప్లాను ఎన్నుకొనినచో పోవునది డబ్బు, కలప మాత్రమే కాదు. రహదారిమీద మనుష్యుల ప్రాణములు కూడ దానిమీద ఆధారపడి యుండును.

మొదట ఒక భ్రమ వదలుకొనవలెను. రంగులతో మెరయు బొమ్మ ప్లాను కాదు. ప్రక్కనుండి, పైనుండి, ముందునుండి చూచినట్లు గీసిన మూడు పటములు, వానిపై కొలతలు, కోసి చూపిన ఖండచిత్రములు, సామానుల పట్టిక ఉన్నప్పుడే అది ప్లాను అనిపించుకొనును. మన ఊరి వడ్రంగికి ఆంగ్లము రాకపోవచ్చును. తెలుగుకూడ చదువకపోవచ్చును. గీత మాత్రము వచ్చును. ఆయన ముందు పరచినప్పుడు, మాట సాయము లేకయే పని మొదలుపెట్టగలిగినచో అది మంచి ప్లాను.

కొలత లోపలిదా, వెలుపలిదా యని అడుగుట రెండవ పని. ఇది అనుభవముమీద చెప్పుచున్నాను. కొన్ని సంవత్సరముల క్రిందట గోడపటములు దాచుటకు మీటరు వెడల్పుగల అలమర యొకటి నేనే కొలతలు వ్రాసి యిచ్చి చేయించితిని. పటముల చుట్టలు సరిగా మీటరు పొడవు. ప్రక్కపలకల మందము ఒక్కొక్కటి 18 మిల్లీమీటర్లని నాకు తోచలేదు. అలమర వెలుపల మీటరు వచ్చినది, లోపల 964 మిల్లీమీటర్లే మిగిలినది. అలమరకు వంక పెట్టుటకు లేదు. పటములు మాత్రము నేటికిని గది మూలకు ఆనుకొని నిలుచున్నవి. బండి విషయములోను ఇంతే. అమెరికాలో క్వీన్ అను పరుపు వెడల్పు 60 అంగుళములు. “5 అడుగుల వెడల్పు” అని వ్రాసిన ప్లానులో అది వెలుపలి కొలతయై, గోడలు ముప్పాతిక అంగుళము మందమైనచో, లోపల మిగులునది 58 అంగుళములన్నర. పరుపు పట్టదు.

అంగుళముల లెక్కను మన అంగడికి మార్చుటలోను జాగ్రత్త కావలెను. ముప్పాతిక అంగుళము 19 మిల్లీమీటర్లకు కొంచెము ఎక్కువ. మనకు సాధారణముగా దొరకు ప్లైవుడ్డు 18 మిల్లీమీటర్లది. గాడి 19కి కోసి పలక 18ది పెట్టినచో అతుకు వదులగును. అయితే మనకు కలిసివచ్చు సంగతి యొకటి కలదు. ప్లైవుడ్డు పలక అక్కడను ఇక్కడను 8 అడుగుల పొడవు, 4 అడుగుల వెడల్పే. పాతప్లానులలో బండి 8 అడుగుల పొడవు, 4 అడుగుల ఎత్తు ఉండుటకు కారణమిదే; ఒక్కొక్క పలకనుండి ఒక్కొక్క ప్రక్కగోడ వచ్చును. 5 అడుగుల వెడల్పుగల నేలకు ఈ పలక చాలదు. అతుకు ఎక్కడ వేయవలెనో ఆ ప్లాను చెప్పవలెను.

ప్రక్కగోడ వంపును చాల ప్లానులలో గళ్ళమీద గీసి చూపుదురు. మీరు భూగోళపు తరగతిలో గళ్ళు గీసి చిన్నపటమును పెద్దదిగా చేయుదురు గదా, అదే పద్ధతి. పలకమీద పెద్దగళ్ళు గీసి, వంపు ఏ గడిని ఎక్కడ దాటునో చుక్కలు పెట్టి, పలుచని బద్దను ఆ చుక్కల వెంట వంచి గీయవలెను. గళ్ళు లేక, కొలతలు లేక వంపును చేతివాటముగా చూపిన ప్లానును పక్కన పెట్టుడు.

ఇక అన్నిటికంటె ముఖ్యమైనది ఇరుసు. ఎద్దుబండి తోలిన పెద్దవారు మీ ఇంటనున్నచో అడుగుడు. రెండు చక్రముల బండికి బరువు ఇరుసుమీద సరిగా తూగినట్లు వేయరు. కొంత కాడిమీద పడునట్లు ముందుకు వేయుదురు. వెనుకబరువైనచో కాడి పైకి లేచి ఎద్దుల మెడత్రాళ్లు బిగిసికొనును. కారు వెనుక బండికిని ఇదే ధర్మము. కాడికి బదులు కారు కొక్కెము. మొత్తము బరువులో నూటికి 10 నుండి 15 వంతులు ఆ కొక్కెముమీద పడవలెనని సామాన్యనియమము. తక్కువైనచో వేగము హెచ్చినకొలది బండి తోక అటునిటు ఊగి, తుదకు కారునే త్రిప్పివేయగలదు. మరీ ఎక్కువైనచో కారు వెనుకభాగము క్రుంగి, ముందుచక్రములకు పట్టు తగ్గును.

లెక్క వేసి చూతము. ఒక బండి బరువు 400 కిలోలు. కొక్కెమునుండి ఇరుసునకు దూరము 2400 మిల్లీమీటర్లు. బరువంతయు ఒక్కచోట చేరినట్లుగా భావింపదగిన గరిమనాభికి దూరము 2100. కొక్కెముమీద పడు బరువు 400 × 300 ÷ 2400, అనగా 50 కిలోలు, నూటికి పన్నెండున్నర. చక్కగా నున్నది. ఇప్పుడు నీళ్ల డబ్బా, పొయ్యి, గిన్నెలు, బియ్యము కలిసి 40 కిలోలు వెనుక వంటఅరలో పెట్టితిమి. ఆ అర కొక్కెమునకు 3200 మిల్లీమీటర్ల దూరమున, ఇరుసునకు వెనుకగా 800 దూరమున నున్నది. కొక్కెముమీద 40 × 800 ÷ 2400, అనగా 13 కిలోలకు పైగా తగ్గిపోయినది. మిగిలినది 36.7 కిలోలు. మొత్తము 440 కిలోలలో ఇది నూటికి 8.3 మాత్రమే. అంగడినుండి తెచ్చిననాడు చక్కగా నడచిన బండి, ప్రయాణము బయలుదేరిననాడు ప్రమాదకరమైనది!

కనుక ప్లాను తెరచిన వెంటనే వెదకవలసిన దేమనగా, ఇరుసు స్థానము అంకెలతో చెప్పబడినదా, అది వట్టిబండికా, సామాను నింపిన బండికా? ఈ రెండు ప్రశ్నలకు జవాబు లేని ప్లాను ఎంత అందమైనదైనను నేను కొనను.

నీరు దిగుట ఈ బండ్లకు పాతవ్యాధి. వెనుకమూత కీలు పైకప్పునకు కలియుచోట వర్షపునీరు చొరబడును. ప్లైవుడ్డు అంచులు ఆ నీటిని త్రాగి ఉబ్బును. ఆ కీలును కోసి చూపిన ఖండచిత్రము ప్లానులో ఉన్నదా యని చూడవలెను. గాలికి రంధ్రములు కూడ చూపవలెను. అంత చిన్నపెట్టెలో ఇద్దరు తలుపులు బిగించుకొని నిద్రించుట మంచిది కాదు. చలి యని లోపల పొయ్యిగాని బొగ్గులకుంపటిగాని పెట్టుకొనుట ప్రాణాంతకము. బొగ్గుపులుసు వాయువుకంటె భయంకరమైన కార్బన్ మోనాక్సైడు పుట్టును, దానికి వాసన లేదు.

తల్లిదండ్రులకు ఒక మాట. మన దేశమున 1988 నాటి మోటారు వాహనముల చట్టము ట్రైలరును మోటారు వాహనముగనే పరిగణించును. రిజిస్ట్రేషను లేక దానిని రహదారిమీదికి తేరాదు. కలప కొనుటకు ముందే రవాణాకార్యాలయమున విచారింపవలెను.

ఇన్ని పరీక్షలకు నిలిచిన ప్లాను దొరకినను వెంటనే రంపము పట్టవద్దు. పదింట ఒక వంతు స్కేలులో అట్టతో చేసి చూడుడు. 2440 మిల్లీమీటర్ల గోడ 244 మిల్లీమీటర్లగును. పాత నోటుపుస్తకముల అట్టలు చాలును. తలుపు తెరచినప్పుడు చక్రముపై రేకునకు తగులునా, పండుకొన్నవారి పాదములు వంటఅర క్రింద పట్టునా అనునవి పటములో కనబడవు, అట్టబండిలో కనబడును.

అభ్యాసము: పై ఉదాహరణములో సామాను నింపిన 440 కిలోల బండికి గరిమనాభి కొక్కెమునుండి 2200 మిల్లీమీటర్ల దూరమునకు జరిగినదని ముందు లెక్కకట్టి చూపుడు. తరువాత ఇరుసును 100 మిల్లీమీటర్లు వెనుకకు జరిపినచో కొక్కెముమీద పడు బరువెంత? ఇరుసు స్వంతబరువు జరుగుటను లెక్కలోనికి తీసికొననక్కరలేదు. (జవాబు: 52.8 కిలోలు, నూటికి 12.)