పాఠం 9: లేసు అల్లిక - తీరికా, పనా?

ఈ పాఠం చదివిన తరువాత మీరు లేసు అల్లిక గోదావరి ప్రాంతానికి ఎలా వచ్చిందో చెప్పగలుగుతారు. చేతిపనికి పట్టిన సమయాన్ని లెక్కకట్టి, గంటకు ఎంత గిట్టిందో తేల్చగలుగుతారు.

9.1 ఒక్క ఉచ్చు

మీ ఇంట్లో బల్లమీదో, టీవీ మీదో పువ్వుల అంచున్న తెల్లటి గుడ్డ ఉందా? దగ్గరగా పట్టుకుని చూడండి. అన్నీ దారపు ఉచ్చులే. చివర కొక్కెం ఉన్న ఒకే సూదితో, ఒక ఉచ్చులోంచి మరో ఉచ్చును లాగుతూ అల్లుతారు. స్వెట్టరు అల్లేటప్పుడు ఉచ్చులన్నీ సూదిమీదే వరసగా ఉంటాయి; సూది జారితే అన్నీ జారుతాయి. లేసులో మాత్రం సాధారణంగా సూదిమీద మిగిలేది ఒక్క ఉచ్చే. అందువల్ల పొయ్యిమీద పాలు పొంగినా, పిల్లవాడు ఏడ్చినా పని పక్కన పెట్టి లేవవచ్చు. ఈ సౌకర్యమే అల్లేవారికి చేటు కూడా చేసింది. ఎలాగో చూద్దాం.

9.2 నది వెంట

బాసగూడ పక్కన పారే తాలిపేరు చర్ల దాటి గోదావరిలో కలుస్తుంది. అక్కడినుంచి దిగువకు వెళితే దుమ్ముగూడెం వస్తుంది. పందొమ్మిదో శతాబ్దంలో ఇంగ్లండు మిషనరీలు అక్కడ లేసు పని నేర్పారు. ఇంకా దిగువన, సముద్రానికి దగ్గరగా ఉన్న నరసాపురం ప్రాంతానికి కూడా ఈ పని మిషనరీల ద్వారానే వచ్చింది. మొదట దళిత క్రైస్తవ స్త్రీలు నేర్చుకున్నారు. ఆ తరువాత, గడప దాటి కూలికి వెళ్ళకూడదనే కట్టుబాటు ఉన్న కుటుంబాల స్త్రీలు కూడా చేపట్టారు.

అక్కడ పని ముక్కలుగా సాగుతుంది. విడి పువ్వులు అల్లడం చేతిపని. వాటిని కలిపి గుడ్డగా చేయడం అతుకుపని. పువ్వు అల్లినామెకు అతికేదెవరో తెలియకపోవచ్చు. గుడ్డ చివరకు ఏ దేశంలో ఎంతకు అమ్ముడుపోయిందో అసలే తెలియదు. తెలిసేది ఏజెంటుకు, ఎగుమతిదారుకు.

జర్మన్ సమాజశాస్త్రవేత్త మరియా మీస్ ఈ స్త్రీల మీద పరిశోధన చేసి 1982లో పుస్తకం ప్రచురించారు. వారు ఇంటిచాకిరీ కాక రోజుకు ఆరు నుంచి ఎనిమిది గంటలు అల్లేవారని, అయినా వచ్చే డబ్బు వ్యవసాయ కూలి కంటే చాలా తక్కువని ఆమె చూపారు. కారణం? "తీరిక వేళల్లో చేసేదే కదా" అన్న మాట! ఎనిమిది గంటల తీరిక ఎవరికి ఉంటుందో ఆలోచించండి.

2024లో నరసాపురం లేసుకు భౌగోళిక గుర్తింపు లభించింది. వేరేచోట చేసినదాన్ని ఆ పేరుతో అమ్మరాదు. పేరుకు రక్షణ దొరికింది కాని, అల్లినామెకు ఎంత ఇవ్వాలో ఆ చట్టం చెప్పదు.

9.3 ఇష్టంతో అల్లేవారు

కూలికి కాక సరదాకు అల్లేవారి బృందాలు కూడా ఉన్నాయి. చెన్నైలో 2016 జనవరి 31న అలాంటి మహిళల బృందం ఒకటి 11,148.5 చదరపు మీటర్ల దుప్పటిని పరచి గిన్నిస్ రికార్డు సాధించింది. ఎవరి ఇంట్లో వారు చదరాలు అల్లారు, అన్నిటినీ ఒకచోట కలిపారు. కొలత ముందే ఒప్పుకోకపోతే ఇది సాధ్యం కాదు. ఒక చదరం పెద్దదైతే పక్కది ముడత పడుతుంది. ఇక్కడా చేతిపని, అతుకుపనే. అయితే ఏం అల్లుతున్నామో అందరికీ తెలుసు.

పాఠ్యగత ప్రశ్నలు

1. (అంకెలు ఊహించినవి.) ఒక బల్లగుడ్డకు 24 పువ్వులు కావాలి. పువ్వుకు 30 నిమిషాలు, అతుకుపనికి మొత్తం 4 గంటలు పట్టాయి. దారానికి రూ. 40 ఖర్చయింది. గుడ్డకు రూ. 160 ఇచ్చారు. గంటకు ఎంత గిట్టింది?

2. మీ ఊళ్ళో ఒకరోజు వ్యవసాయ కూలి ఎంత? దానిని 8తో భాగించి, పై జవాబుతో పోల్చండి.

3. మీ ఇంట్లో "తీరిక పని" అని పిలిచే పని ఒకటి ఎంచుకోండి. వారంపాటు దానికి పట్టిన సమయం రాసి, అధ్యయన కేంద్రానికి తీసుకురండి.

జవాబు 1: మొత్తం 16 గంటలు; మిగిలినది రూ. 120, గంటకు రూ. 7.50.