ఆర్‌ఎక్స్ 100 సిలిండర్‌కి నాలుగే బోరులు

మన హాస్టల్లో ఏ రూముకి వెళ్లినా ఒక లాప్‌టాప్ మీదైనా డాడ్జ్ ఛార్జరో, ఫోర్డ్ మస్టాంగో వాల్‌పేపర్‌గా కనిపిస్తుంది. 'ది ఫాస్ట్ అండ్ ది ఫ్యూరియస్' సినిమా పుణ్యమా అని 1970 ఛార్జర్ బొమ్మ చూసి గుర్తుపట్టనివాడు మెకానికల్ బ్రాంచిలో లేడు. మజిల్ కార్ అంటే ఏంట్రా అని అడిగితే మాత్రం "ఫాస్ట్ కారు" అని ఆపేస్తారు. అది కాదు. మామూలు కుటుంబం కొనుక్కునే మధ్యరకం కారులో, పెద్ద కారుకి పెట్టాల్సిన ఇంజన్ పెట్టి, అందుబాటు ధరకి అమ్మితే అది మజిల్ కార్. 1964 పాంటియాక్ జీటీఓలో 389 క్యూబిక్ అంగుళాల వీ8 పెట్టారు, అంటే దాదాపు 6.4 లీటర్లు. ఈ తరహాకి అదే మొదలని చాలామంది లెక్క. గట్టిగా పదేళ్లు నిలవలేదు. 1970 క్లీన్ ఎయిర్ చట్టం, పెరిగిన ఇన్సూరెన్స్, 1973 చమురు సంక్షోభం కలిసి ఆ ముచ్చట తీర్చేశాయి.

మా నాగోల్ గల్లీలో నేను వీ8 ఎప్పుడూ చూళ్లేదు. కానీ దాదాపు అదే లెక్కతో పుట్టి, దాదాపు అదే కారణంతో పోయిన బండి ఒకటి మా ఇంటి మెట్ల కింద ఉంది. మా మామ కొన్న 1995 మోడల్ యమహా ఆర్‌ఎక్స్ 100. ప్లేటు మీద ఇంకా ఏపీ నెంబరే. నేను సెకండియర్‌లో ఉన్నప్పుడు మామ తాళం చేతిలో పెట్టి ఒకే మాటన్నాడు: "పెట్రోల్ కొట్టిస్తే ఆయిల్ మర్చిపోకురా." నేను మర్చిపోయాను. ఈ వ్యాసం దాని గురించే.

ముందు కొంచెం థియరీ. ఆర్‌ఎక్స్ 100 మన దేశంలో 1985లో వచ్చింది, ఎస్కార్ట్స్ వాళ్లు తయారు చేశారు. బోరు 50 మి.మీ., స్ట్రోకు 50 మి.మీ. ఘనపరిమాణం లెక్క కడితే 98.2 సీసీ. పవరు 7500 ఆర్‌పీఎం దగ్గర 11 హెచ్‌పీ. బరువు వంద కిలోలు, కాస్త అటూ ఇటూ. దాదాపు అంతే సీసీ ఉన్న స్ప్లెండర్ ఇచ్చేది సుమారు 8 హెచ్‌పీ. తేడా ఎక్కడుందో ఐసీ ఇంజన్స్ క్లాసులో నిద్రపోనివాళ్లకి తెలుసు: ఫోర్ స్ట్రోక్‌లో క్రాంక్ రెండు చుట్లు తిరిగితే ఒకసారి మంట, టూ స్ట్రోక్‌లో ప్రతి చుట్టుకీ ఒకసారి.

మరి పవరు రెండింతలు ఎందుకు రాలేదు? టూ స్ట్రోక్‌లో వాల్వులు లేవు, సిలిండర్ గోడకి కంతలే ఉంటాయి. పిస్టన్ కిందికి దిగినప్పుడు పాత పొగ పోయే కంత, కొత్త పెట్రోల్ గాలి వచ్చే కంతలు ఒకేసారి తెరిచి ఉంటాయి. వచ్చిన పెట్రోల్లో కొంత కాలకుండానే సైలెన్సర్‌లోకి జారిపోతుంది. థ్రాటిల్‌ని బట్టి పావు వంతు దాకా పోవచ్చు. సైలెన్సర్ మధ్యలో లావుగా ఉండి చివర సన్నబడేది ఇందుకే. అక్కడ తగిలి వెనక్కి వచ్చే ఒత్తిడి అల, పారిపోతున్న పెట్రోల్‌ని మళ్లీ సిలిండర్‌లోకి నెడుతుంది. ఆ అల సరైన టైముకి చేరేది కొన్ని ఆర్‌పీఎంల దగ్గరే. అప్పటిదాకా బుద్ధిగా వెళ్లిన బండి ఒక్కసారిగా గుంజడానికి కారణం ఇదే. దాన్ని కోసి, ఖాళీ గొట్టం పెట్టి తిరిగేవాళ్లకి సౌండ్ పెరుగుతుంది, పవర్ తగ్గుతుంది. పైగా మోటారు వాహనాల చట్టం సెక్షన్ 52 ప్రకారం బండిని అలా మార్చడం నేరం కూడా.

ఇక ఆయిల్. ఫోర్ స్ట్రోక్‌లో ఆయిల్ కింద గదిలో ఉంటుంది. ఇక్కడ ఆ గదిలోంచే పెట్రోల్ గాలి వెళ్తుంది కాబట్టి ఆయిల్‌ని దానితోపాటే పంపాలి. అందుకోసం కంపెనీ ఒక చిన్న పంపు పెట్టింది. థ్రాటిల్ కేబుల్‌తోపాటే తెరుచుకుని, వేరే ట్యాంకులోని టూటీ ఆయిల్‌ని కొలిచి వదులుతుంది. చాలా పాత బండ్లలో ఎవరో ఒకరు ఈ పంపు పీకేసి ఉంటారు. మా బండిలోనూ అంతే. పంపు లేకపోతే లీటరు పెట్రోల్‌కి 25 నుంచి 40 మిల్లీలీటర్ల ఆయిల్ మనమే కలపాలి.

మే నెల. ఉప్పల్‌లో రెండు లీటర్లు కొట్టించాను, ఫోన్ మాట్లాడుతూ. నాగోల్ మెట్రో స్టేషన్ దాటాక ఇంజన్ సౌండ్ సన్నబడింది, బండి ఎవరో వెనక్కి లాగినట్టు బరువెక్కింది. నేను తెలివిగా థ్రాటిల్ ఇంకా తిప్పాను. వెనక చక్రం లాక్ అయింది. పది అడుగులు ఈడ్చుకుంటూ పోయి డివైడర్ పక్కన ఆగాను. వెనక బస్సు లేకపోవడం నా అదృష్టం. టూ స్ట్రోక్ నడిపేవాళ్లు క్లచ్ మీద రెండు వేళ్లు ఎప్పుడూ ఉంచుతారు, చూశారా? అది స్టైల్ కాదు. సౌండ్ మారగానే క్లచ్ పట్టేస్తే చక్రం ఫ్రీ అవుతుంది.

ఇంజన్ ఎందుకు పట్టేసింది? పిస్టన్‌కీ గోడకీ మధ్య ఉండే సందు సుమారు 0.04 మి.మీ. మన తలవెంట్రుక కంటే తక్కువ. పిస్టన్ అల్యూమినియం, లోపలి స్లీవు పోత ఇనుము. వ్యాకోచ గుణకాలు డిగ్రీకి మిలియన్‌లో సుమారు 23, 11. రెండూ సమానంగా 50 డిగ్రీలు వేడెక్కినా, 50 మి.మీ. వ్యాసం మీద సందు 0.03 మి.మీ. తగ్గిపోతుంది. (అందుకే పిస్టన్ లోహంలో సిలికాన్ కలిపి ఆ 23ని తగ్గిస్తారు.) అసలు విషయం ఏంటంటే, పిస్టన్ గోడకంటే ఎప్పుడూ ఎక్కువే వేడెక్కుతుంది. మిగిలిన ఆ కాస్త జాగాలో ఉండాల్సింది ఆయిల్ పొర. అది లేకపోతే అల్యూమినియం వెళ్లి గోడకి అతుక్కుంటుంది.

మెకానిక్ చాచా హెడ్ విప్పి, పిస్టన్ మీద గీతలు వేలితో తడిమాడు. "ఆయిల్ పోసినవా బేటా?" అన్నాడు. నేను మాట్లాడలేదు. ఆయన కూడా తిట్టలేదు. పిస్టన్ తిరగేసి నెత్తి మీద అంకె చూపించాడు: 75.

ఆ అంకె అర్థం తెలిస్తే నాకు అప్పుడే చెమటలు పట్టేవి. సిలిండర్ అరిగినా గీసుకుపోయినా, లోపల కాస్త చెక్కి పెద్దది చేసి పెద్ద పిస్టన్ వేస్తారు. ఓవర్‌సైజులు నాలుగు: 0.25, 0.50, 0.75, 1.00. ముప్ఫై ఏళ్లలో మామ మూడు వాడాడు. అంటే దాదాపు పదేళ్లకొకటి. నాకు మిగిలింది ఒకటి. 51 మి.మీ. దాటితే స్లీవు మార్చాల్సిందే.

ఆ వారంలోనే మా సీనియర్ ఒకతను వచ్చాడు. పోర్టులు చెక్కిస్తే బండి ఇంకా ఎగురుతుందన్నాడు, వద్దనుకుంటే ఉన్నదున్నట్టు తనకి అమ్మమన్నాడు. చెప్పిన రేటు నా ఒక సెమిస్టర్ ఫీజు కంటే ఎక్కువ. మామకి ఫోన్ చేశాను. "నీకిచ్చిన, నీ ఇష్టం" అన్నాడు. ఆ మాటకన్నా తిట్టి ఉంటే బాగుండు అనిపించింది.

అమ్మలేదు, పోర్టులూ చెక్కించలేదు. పుత్లీబౌలీలో మూడు పూటలు తిరిగాను. అమెరికాలో మస్టాంగ్ ఉన్నవాడు కేటలాగ్ చూసి కొత్తగా తయారైన పార్టు ఇంటికి తెప్పించుకుంటాడు. ఇక్కడ పాత డబ్బాలో కొత్త నకిలీ, కొత్త డబ్బాలో పాత అసలు రెండూ దొరుకుతాయి. నాచారంలో లేతు షాపతను మంచి మాట చెప్పాడు: "ముందు పిస్టన్ తే. దాన్ని కొలిచి బోరు చేస్త. బోరు చేసినంక పిస్టన్ ఎతకొద్దు." ఒకే సైజు అని రాసున్న రెండు పిస్టన్లు మైక్రోమీటర్ కింద ఒకేలా ఉండవు మరి. బోరు అయ్యాక సిలిండర్‌ని మన మెట్రాలజీ ల్యాబుకి పట్టుకొచ్చి పైన, మధ్యన, కింద, రెండేసి దిక్కుల్లో కొలిచాను. ఆరు రీడింగులూ ఒక వందో వంతు మి.మీ. లోపలే. ఆ ల్యాబ్ రికార్డు నేను కాపీ కొట్టకుండా రాసింది అదొక్కటే.

పాత పంపు ఒకటి వెతికి మళ్లీ బిగించాం. కొత్తగా బిగించిన పంపులో గాలి ఉంటుంది, అది తీసేయాలి. నమ్మకం కుదిరేదాకా మొదటి ట్యాంకు పెట్రోల్లో కూడా ఆయిల్ కలపాలి. మొదటి అయిదు వందల కిలోమీటర్లు థ్రాటిల్ సగం దాటించలేదు. ఒకే స్పీడులో ఎక్కువసేపు పోనివ్వలేదు.

తర్వాత కాగితాలు. పదిహేనేళ్లు దాటిన సొంత బండికి అయిదేళ్లకోసారి రిజిస్ట్రేషన్ రెన్యువల్ చేయించాలి. బైకుకి ఈ ఫీజు 2022 ఏప్రిల్‌లో 300 నుంచి 1000 అయింది. 2025 ఆగస్టులో ఇరవై ఏళ్లు దాటినవాటికి 2000 చేశారు. వింటేజ్ కింద రాయించుకుందామంటే, 2021 నియమాల ప్రకారం యాభై ఏళ్లు నిండాలి. మా బండికి అది 2045లో. అప్పుడు కూడా రోజూ తిరగడానికి వీల్లేదు.

పొగ సంగతి దాచను. 1996లో ఉద్గారాల నియమాలు బిగిశాయి, ఆ ఏడాదే ఆర్‌ఎక్స్ 100 తయారీ ఆగింది. 2000కి ముందు బైకులకి పొల్యూషన్ పరీక్షలో హైడ్రోకార్బన్ పరిమితి 9000 పీపీఎం. ఆ తర్వాత వచ్చిన ఫోర్ స్ట్రోక్‌లకి అందులో సగం, 4500. మా బండి పాసైంది. కానీ పాసైన కొలత ఏదో తెలిశాక దాన్ని రోజూ కాలేజీకి తేవడం మానేశాను. మెట్రోలో వస్తున్నాను. బండి ఆదివారాలు మాత్రమే.

డిసెంబర్‌లో నాగోల్ ఆర్టీఏకి తీసుకెళ్లాం. మామ కూడా వచ్చాడు. ఇన్‌స్పెక్టర్ ఛాసిస్ నెంబరు చూసి, లైట్లు, హారన్ చూసి, స్టార్ట్ చేయమన్నాడు. రెండో కిక్కుకి అందుకుంది. బయటికొచ్చాక మామ ట్యాంకు మూత తీసి వాసన చూశాడు. పంపు పెట్టించానని చెప్పాను. సైడ్ కవర్ పక్కకి వంగి, ఆయిల్ ట్యాంకు లెవెల్ కూడా చూసి, అప్పుడు వెనక కూర్చున్నాడు.