పసిపిల్లల చికిత్సలో శునక సాహచర్యము

తిరుత్తక్కదేవరు తమిళమున రచించిన జీవకచింతామణిలో ఒక కుక్క కథ కలదు. అన్నమును ముట్టినదను కోపముతో జనులు కొట్టగా ప్రాణము విడుచుచున్న ఆ కుక్క చెవిలో జీవకుడు నమస్కార మంత్రమును పలికెను. అది యక్షుడై పుట్టి, అతని కష్టకాలమున తోడ్పడెను. ఈ కథ విని ఆనందించు మనమే వీధికుక్క గుమ్మమెక్కినంతనే కఱ్ఱ తీయుదుము. ఆ మాట అటుంచుదము. మాట రాని, పిలిచినను తిరిగి చూడని పసిపిల్లల శిక్షణలో కుక్కను తోడు చేసికొను పద్ధతి యొకటి నేడు వ్యాపించుచున్నది. దాని వలన ఎంత మేలు కలుగును, ఎంతవరకు నమ్మవచ్చును అను సంగతులు మన తల్లులు తెలిసికొనదగినవి.

న్యూయార్కు నగరమున బోరిస్ లెవిన్సన్ అను బాల మనశ్శాస్త్రజ్ఞు డుండెను. ఎవరితోను కలియని బాలు నొకనిని తల్లిదండ్రులు చెప్పిన వేళకు ముందే ఆయన యొద్దకు తెచ్చిరి. గదిలో నున్న ఆయన కుక్క జింగిల్స్ పరుగెత్తి వచ్చి బాలుని నాకెను. బాలుడు భయపడక దానిని దగ్గరకు తీసికొనెను. ఆ కుక్కతో ఆటలో మెల్లగా వైద్యునికిని చోటు దొరికెను. 1961లో లెవిన్సన్ ఈ సంగతిని పండితసభలో చెప్పగా కొందరు నవ్విరట. మరుసటి యేడు ఆయన వ్యాసము అచ్చుపడెను.

తరువాతివారు దీనిని పరీక్షించి చూచిరి. 2002లో అమెరికాలో మార్టిన్, ఫార్నమ్ అనువారు ఎదుగుదల లోపములు గల 10 మంది పిల్లలకు ఒకమారు బంతిని, ఒకమారు గుడ్డకుక్కను, ఒకమారు నిజమైన కుక్కను ఇచ్చి గమనించిరి. నిజమైన కుక్క యున్నపుడే పిల్లల దృష్టి నిలిచినది, ఆటయు హెచ్చినది. 2010లో ప్రకటింపబడిన కెనడా పరిశోధన ఇంకను ఆలోచింపదగినది. ఆటిజం గల 42 మంది పిల్లల యిండ్లకు శిక్షణ పొందిన కుక్కలను పంపిరి. కార్టిసాల్ అను ద్రవ్యము మనస్సుకు ఒత్తిడి కలిగినపుడు శరీరమున పెరుగును. ఆ పిల్లలు నిద్రలేచిన పిమ్మట అది అంతకుముందు 58 శాతము పెరుగుచుండెడిది. కుక్క వచ్చిన తరువాత 10 శాతమే పెరిగెను. కుక్కను తీసివేయగా మరల 48 శాతమయ్యెను. ఈ చివరి అంకెయే నన్ను బాధించుచున్నది. పిల్లవానికి తోడును చూపి, నాలుగు వారములలో డబ్బు చాలలేదని మానుకొనువారు దీనిని గుర్తుంచుకొనవలెను.

అయినను ఇది ఆటిజమును పోగొట్టు మందు కాదు. 2013లో ఒహేర్ అను పరిశోధకురాలు ఇట్టి 14 పరిశోధనలను కలిపి చూచి, ఆశాజనకమే గాని పరీక్షలు ఇంకను బలపడవలెనని తేల్చెను. "కుక్కతో మాట వచ్చును" అని సొమ్ము పుచ్చుకొనువారిని నమ్మరాదు. మాట నేర్పువారును, చేతిపని నేర్పువారును చేయు శిక్షణకు కుక్క తోడు మాత్రమే.

మన దేశమునకును ఈ పద్ధతి క్రొత్త కాదు. జిల్ రాబిన్సన్ 1991లో హాంగ్‌కాంగ్‌లో ఆరంభించిన 'డాక్టర్ డాగ్' పద్ధతిని చెన్నపట్టణములో బ్లూ క్రాస్ వారు చేపట్టి, కుక్కలను ప్రత్యేక పిల్లల వద్దకు తీసికొనిపోయిరి. కుక్కను ఇంట పెంచ నిష్టములేని మనవంటి వారికి ఈ విధమే అనుకూలము: కుక్క తన యజమానితో వచ్చును, పని ముగిసిన పిమ్మట పోవును.

పని యేమందురా? పిల్లవాడు చాపపై కూర్చుండి కుక్క వీపు దువ్వును. ఒకటి, రెండు అని లెక్కించుచు బిస్కత్తు పెట్టును. బంతి విసరి, అది తెచ్చువరకు ఆగును. ఆగుటయే వానికి పెద్ద పాఠము. ఇక కోయంబత్తూరు, మధుర తెలుగు ఇండ్లలో ఒక చిక్కు కలదు. ఇంట తెలుగు, వీధిలో తమిళము, బడిలో ఇంగ్లీషు. మాట ఆలస్యమైనచో ముందుగా తెలుగునే మానిపింతురు. రెండు భాషలు వినుట వలన ఆటిజం పిల్లలకు హాని కలుగుచున్నట్లు పరిశోధనలలో కానరాలేదు. మానిపించినచో అవ్వ మాట పిల్లవానికి దూరమగుటయే మిగులును. కుక్కకు భాషాభేదము లేదు. చేతి సైగను, గొంతును బట్టి నడచుకొనును. కావున యజమాని దానికి "వా" తోబాటు "రా" అనునదియు నేర్పవచ్చును. పిల్లవాడు "రా" అనగా కుక్క లేచి వచ్చినచో, తన మాటకు ఫలమున్నదని వానికి తెలియును.

ఏ కుక్క తగును? మన తెలుగు రాజుల పేరుతో ముడిపడిన రాజపాళయపు కుక్క 2005లో తపాలాబిళ్ళ కెక్కినది. అభిమానము మంచిదే. కాని అది వేటకును కాపలాకును పెరిగిన జాతి; క్రొత్తవారిని చేరనీయదు; తెల్లని వానిలో కొన్నింటికి చెవుడు కూడ కలదు. జాతి గొప్ప చూచి తేరాదు. తోక లాగినను, చెవి దగ్గర అరచినను శాంతముగా నుండు గుణమును చూడవలెను. రేబీస్ టీకా తప్పక వేయించి యుండవలెను. మాట రాని పిల్లలు కాటు సంగతి చెప్పలేరు గనుక, పని ముగిసిన పిమ్మట చేతులు, కాళ్ళు చూడవలెను. గాయమున్నచో 15 నిమిషములు సబ్బునీటితో కడిగి వెంటనే ఆసుపత్రికి పోవలెను.

తత్త్వార్థసూత్రము ఏడవ అధ్యాయమున అహింసావ్రతమునకు ఐదు అతిచారములు చెప్పబడినవి: కట్టుట, కొట్టుట, కోయుట, మితిమీరిన బరువు మోపుట, అన్నపానములు మాన్పుట. చికిత్స కుక్క విషయమున నాలుగవది మనకు తెలియకయే జరుగును. పదిమంది పిల్లలను వరుసగా దానిపైకి వదలుటయు బరువు మోపుటయే. అది ఆవులించును, పెదవులు నాకుకొనును, తల ప్రక్కకు త్రిప్పును, తోక ముడుచును. అప్పుడు, పిల్లవాడు ఏడ్చినను, తల్లి "ఇంకను పావుగంట యున్నదిగదా!" అనినను, యజమాని దానిని బయటకు తీసికొనిపోయి నీళ్ళు పెట్టవలెను.