పాత మోటోక్రాస్ ఫ్రేమ్‌లో వేరే ఇంజిన్: గ్రైండర్ పట్టుకునే ముందు ఏం కొలవాలి?

ఫోన్ డిస్‌ప్లే మార్చడం, ల్యాప్‌టాప్‌కి ర్యామ్ పెంచడం మీకు కొత్త కాదు. ఈసారి అప్‌గ్రేడ్ చేసే వస్తువు కాస్త పెద్దది. పాత మోటోక్రాస్ బైక్ ఫ్రేమ్‌లో వేరే కంపెనీ ఇంజిన్ ఎలా కూర్చోబెడతారో చూద్దాం.

నేను స్వీడన్‌లోని గోథెన్‌బర్గ్‌లో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం చేస్తున్నా. మా బిల్డింగ్‌లో ఉండే ఒక రిటైర్డ్ పెద్దాయన గ్యారేజీలో 1974 నాటి హస్క్వర్నా ఫ్రేమ్ ఉంది. కుర్రతనంలో ఆయన రేసులు నడిపింది ఆ బండి మీదే. దాని టూ స్ట్రోక్ ఇంజిన్ ఎప్పుడో అమ్మేశారు. ఇప్పుడు అందులో యమహా ఎక్స్‌టీ500 ఫోర్ స్ట్రోక్ ఇంజిన్ పెట్టి, ఇంకొక్కసారి మట్టిలో తిప్పాలని ఆయన కోరిక. సాయం చేస్తావా అని అడిగితే, బీటెక్ చదివిన ధైర్యంతో సరే అన్నా.

మొదటి శనివారమే తప్పు చేయబోయా. ఇంజిన్‌ని ఫ్రేమ్ మధ్యలో పెట్టి చూస్తే, వెనక కుడివైపు పాత ఇంజిన్ బోల్టు పట్టుకునే ఇనుప చెవి అడ్డం వచ్చింది. దాన్ని లగ్ అంటారు. "ఇది కోసేస్తే సరిపోతుంది" అని గ్రైండర్ ఆన్ చేశా. పెద్దాయన వచ్చి ప్లగ్ పీకేశారు. "కోసిన ముక్కని మళ్లీ అతకొచ్చు. కానీ ఫ్యాక్టరీ వాళ్లు దాన్ని సరిగ్గా ఎక్కడ పెట్టారో మళ్లీ తెలుసుకోలేం" అన్నారు. బ్యాకప్ లేకుండా డేటా డిలీట్ చేయబోయానని అప్పుడు అర్థమైంది.

ఈ ఇంజిన్, ఈ ఫ్రేమ్ ఎందుకు?

ఈ ఐడియా మాది కాదు. 1970ల మధ్యకి మోటోక్రాస్‌లో తేలికైన టూ స్ట్రోక్‌లదే రాజ్యం. ఆ టైమ్‌లో ఇద్దరు స్వీడిష్ మాజీ ప్రపంచ చాంపియన్లు, టోర్‌స్టెన్ హాల్‌మన్, స్టెన్ లుండిన్, ఎక్స్‌టీ500 ఇంజిన్‌ని హస్క్వర్నా ఫ్రేమ్‌లో పెట్టి చూశారు. అక్కడి నుంచి పుట్టిందే హెచ్‌ఎల్500. ఆ పేరులోని రెండు అక్షరాలు వాళ్లిద్దరివే. 1977లో బెంగ్ట్ ఓబెరి ఈ ఫోర్ స్ట్రోక్ మీద 500 సీసీ ప్రపంచ చాంపియన్‌షిప్‌లో 9వ స్థానంలో నిలిచాడు. అందరూ పాతబడిందని పక్కనపెట్టిన టెక్నాలజీకి అది చిన్న విషయం కాదు.

ఇంగ్లండ్‌లో డెరెక్, డాన్ రిక్‌మన్ అన్నదమ్ములు అంతకుముందే తమ మోటోక్రాస్ ఫ్రేమ్‌లలో ట్రయంఫ్, మ్యాచ్‌లెస్ ఇంజిన్లు బిగించారు. ఆ బండికి పెట్టిన పేరు మెటీస్. ఫ్రెంచ్‌లో సంకర జాతి ఆడది అని అర్థం.

1. ముందు చైన్ లైన్

ఇంజిన్ ఫ్రేమ్‌కి సరిగ్గా మధ్యలో ఉండాలని నేను అనుకున్నా. అదే నా అసలు తప్పు. ఇంజిన్ ఎక్కడ ఉండాలో చెప్పేది చైన్. వెనక చక్రాన్ని నిటారుగా సెట్ చేసి, వెనక స్ప్రాకెట్ ముఖానికి పొడవాటి స్టీల్ స్కేలు ఆనించి, దాని రెండో కొస ముందు స్ప్రాకెట్‌కి ఎంత దూరంలో ఉందో కొలవాలి. మాకు 7 మి.మీ. తేడా వచ్చింది. అలాగే బిగించి ఉంటే చైన్ పళ్లని అరగదీసేది, లేదా జంప్‌లో ఊడి చక్రానికి చుట్టుకునేది.

ఇంజిన్‌ని 7 మి.మీ. ఎడమకి జరిపాం. చైన్ లైన్ కుదిరింది. విచిత్రం ఏంటంటే, కుడివైపు లగ్ కూడా ఇక అడ్డం రాలేదు! నేను కోయబోయింది అసలు సమస్యే కాదు.

చైన్ సైజు కూడా చూసుకోండి. 428 చైన్ పిచ్ 12.7 మి.మీ., 520ది 15.875 మి.మీ. రెండు స్ప్రాకెట్లూ ఒకే పిచ్‌వి కావాలి.

2. ఎత్తు, ముందు చక్రం

ఫోర్ స్ట్రోక్‌కి హెడ్‌లో వాల్వులు, క్యామ్ ఉంటాయి కాబట్టి టూ స్ట్రోక్ కంటే పొడవు ఎక్కువ. హెడ్ పైన ట్యాంకుకి, వెనక కార్బ్యురేటర్‌కి, ముందు సైలెన్సర్ పైపుకి చోటు ఉందా చూడాలి. తర్వాత ముందు ఫోర్కుల్లో స్ప్రింగులు తీసేసి, పూర్తిగా కిందికి నొక్కండి. టైరు ఎక్కడా తగలకూడదు. నిలబడి ఉన్న బండిలో కనిపించే గ్యాప్‌ని నమ్మొద్దు.

3. ఆయిల్ ఎక్కడ ఉంటుంది?

ఇది హిడెన్ డిపెండెన్సీ. ఎక్స్‌టీ500 డ్రై సంప్ ఇంజిన్. దాని ఆయిల్ ఇంజిన్ అడుగున కాదు, యమహా ఫ్రేమ్ గొట్టాల్లో ఉంటుంది. ఇంజిన్ ఒక్కటే కొంటే ఆయిల్ ట్యాంకు అక్కడే ఉండిపోయినట్టు. టూ స్ట్రోక్‌కి ఆయిల్ పెట్రోల్‌లోనే కలుపుతారు కాబట్టి మా ఫ్రేమ్‌లో దానికి చోటే లేదు. పంపు కంటే ఎత్తులో ఒక చిన్న అల్యూమినియం ట్యాంకు పెట్టాం. ఫీడ్, రిటర్న్ పైపులకి రంగు టేపు చుట్టాం. అవి తారుమారైతే ఇంజిన్ నిమిషాల్లో పట్టేస్తుంది.

4. ముందు అట్ట, తర్వాత ఇనుము

మౌంటింగ్ ప్లేట్లు మొదట అట్టతో కత్తిరించండి. అట్ట తప్పైతే ఇంకో అట్ట. కుదిరాక స్టీల్ ప్లేటు మీద గీసి కోయండి. బోల్టు రంధ్రంలో ఆడకూడదు. ఎక్స్‌టీ500 499 సీసీ సింగిల్ సిలిండర్, బ్యాలెన్సర్ షాఫ్ట్ లేదు, కాబట్టి గట్టిగా వణుకుతుంది. వదులుగా ఉన్న బోల్టు ప్లేటుని పగలగొడుతుంది. హెడ్‌ని ఫ్రేమ్‌కి పట్టి ఉంచే స్టే కూడా తప్పనిసరి.

వెల్డింగ్ చేసేటప్పుడు వేడికి ఫ్రేమ్ వంగుతుంది. అందుకే లోపల ఏమీ లేని ఖాళీ క్రాంక్‌కేస్‌ని బోల్టులతో బిగించి, అక్కడక్కడ చుక్కలుగా టాక్ వేసి, మళ్లీ చైన్ లైన్ కొలిచి, ఆ తర్వాతే పూర్తి వెల్డింగ్. ఆ పని మేం చేయలేదు, అనుభవం ఉన్న వెల్డర్‌కి ఇచ్చాం. మనిషి బరువు మోసే అతుకు మీద ప్రాక్టీస్ చేయకూడదు.

మన దగ్గర చేయొచ్చా?

ఇండియాలో రోడ్డు మీద తిరిగే బండి అయితే జాగ్రత్త. మోటారు వాహనాల చట్టం 1988లోని సెక్షన్ 52 బండిలో మార్పుల గురించే. ఆర్‌సీలో ఉన్న వివరాలకి భిన్నంగా బండిని మార్చడం నేరం. ముందుగా ఆర్టీఏ ఆఫీసులో కనుక్కోకుండా మొదలుపెట్టొద్దు.

మా బండి ఇంకా పూర్తి కాలేదు. వైరింగ్, సైలెన్సర్ మిగిలాయి. పోయిన ఆదివారం మాత్రం పదకొండో కిక్‌కి ఇంజిన్ అందుకుంది. పెద్దాయన ఏమీ మాట్లాడలేదు, ట్యాంకు మీద చెయ్యి వేసి నిలబడ్డారు. ఆ వెనక లగ్ ఇప్పటికీ అలాగే ఉంది. ఎప్పుడైనా ఆయనకి పాత టూ స్ట్రోక్ ఇంజిన్ దొరికితే, నాలుగు బోల్టులు విప్పి దాన్ని మళ్లీ దాని చోట్లోనే పెట్టొచ్చు.