పని చేస్తే గుండె దడ – నడిపించి చేసే పరీక్ష

ఊరికే కూర్చున్నప్పుడు పెద్దవాళ్ల గుండె నిమిషానికి 60 నుంచి 100 సార్లు కొట్టుకుంటుంది. బరువు మోస్తే జోరు పెరుగుతుంది. పని ఆపితే నెమ్మదిస్తుంది. ఇది మామూలే.

కొందరికి గుండె లయ తప్పుతుంది. గుండె ఎగిరిపడినట్టు ఉంటుంది. కళ్లు తిరుగుతాయి. కొందరు పడిపోతారు.

ఒక కూలి తల్లికి నీళ్ల బిందెతో గట్టెక్కితే దడ వచ్చేది. "దిష్టి తగిలిందే" అని అత్త దిష్టి తీసింది. దడ తగ్గలేదు. ఆసుపత్రిలో ఇ.సి.జి. తీస్తే బాగానే ఉంది.

"మరి నా దడ అబద్ధమా, డాక్టరమ్మా?"

"కాదమ్మా. పడుకోబెట్టి తీసిన ఇ.సి.జి. ఆ కొద్ది క్షణాల సంగతే చెబుతుంది. నీకు దడ పనిలో వస్తోంది. గుండెకు పని పెట్టి చూడాలి."

ఆ పరీక్షే ట్రెడ్‌మిల్ పరీక్ష. టి.ఎం.టి. అని కూడా అంటారు. ఛాతీకి తీగలు అంటించి, కదిలే పట్టా మీద నడిపిస్తారు. మెల్లమెల్లగా వేగం, ఎత్తు పెంచుతారు. బి.పి. చూస్తారు. నడక ఆపాక కూడా కొన్ని నిమిషాలు చూస్తారు. కొందరికి లయ అప్పుడే తప్పుతుంది. ఆమెకు నడకలోనే లయ తప్పడం కనిపించింది. మందు మొదలుపెట్టారు.

ఈ పరీక్ష ఎప్పుడు చేస్తారు?
• పని చేసేటప్పుడు దడ, కళ్లు తిరగడం ఉంటే.
• పరుగెత్తుతూ పిల్లలు స్పృహ తప్పితే.
• పని చేసినా గుండె వేగం పెరగడం లేదని అనుమానం ఉంటే.
• వేసుకునే మందు పనిచేస్తోందో లేదో చూడాలంటే.

ఎప్పుడు చెయ్యరు?
కొత్తగా గుండెపోటు వచ్చినప్పుడు, ఛాతీనొప్పి తగ్గకుండా ఉన్నప్పుడు చెయ్యరు. దడ రాత్రిపూట, కూర్చున్నప్పుడు వస్తే వేరే పరీక్ష ఉంది. చిన్న మిషను కట్టి 24 గంటల ఇ.సి.జి. తీస్తారు. దాన్ని హోల్టర్ అంటారు.

గుర్తుంచుకోవాలి
కడుపు నిండా తిని పోకూడదు. వదులు బట్టలు వేసుకోవాలి. ఆడ నర్సు కావాలని అడగొచ్చు. మందులు సొంతంగా ఆపకూడదు. నడుస్తుంటే నొప్పి, కళ్లు తిరగడం వస్తే వెంటనే చెప్పాలి. ఇంట్లో ఎవరైనా చిన్న వయసులో హఠాత్తుగా చనిపోయి ఉంటే, అదీ డాక్టరుకు చెప్పాలి.

పని చేస్తూ పడిపోతే అది వట్టి నీరసం అనుకోకూడదు. 108కి ఫోను చెయ్యాలి.

చదివి చెప్పండి
1. పడుకోబెట్టి తీసిన ఇ.సి.జి.లో దడ ఎందుకు దొరకలేదు?
2. రాత్రి దడ వచ్చేవాళ్లకు ఏ పరీక్ష చేస్తారు?
3. పరీక్షకు పోయేముందు ఏమి చెయ్యకూడదు?