ముత్యానికో ముడి

హైదరాబాద్‌లో చార్మినార్ దాటి పత్తర్‌గట్టి వైపు నడిస్తే వరసగా ముత్యాల దుకాణాలే. ఒకప్పుడు గల్ఫ్ నుంచి వచ్చే బస్రా ముత్యాలకు ఈ బజారు పేరుపొందింది. ఇప్పుడు అమ్ముడయ్యే వాటిలో ఎక్కువ భాగం చైనాలో మంచినీటిలో పెంచినవే. సరుకు మారినా పని మారలేదు. ఎవరో ఒకరు కూర్చుని వాటిని దారానికి గుచ్చాలి.

మంచి దండను దగ్గరగా చూస్తే ప్రతి రెండు ముత్యాల మధ్యా ఒక చిన్న ముడి కనిపిస్తుంది. అది అలంకారం కాదు. ముత్యం మెత్తని వస్తువు, ఒకదానికొకటి రాసుకుంటే మెరుపు పోతుంది. పైగా దారం ఎక్కడైనా తెగితే ఒక్క ముత్యమే జారిపోతుంది, మిగతావి ముడుల దగ్గర ఆగిపోతాయి. ఈ ముడి నేర్చుకోవడానికి దండకంటే బ్రేస్‌లెట్ సులువు.

మణికట్టు కొలత 16 సెంటీమీటర్లు ఉంటే 6 మిల్లీమీటర్ల ముత్యాలు 24 సరిపోతాయి. ఒక హుక్కు, సన్నని తీగ సూది, మామూలు కుట్టుసూది, మొన సన్నగా ఉన్న పట్టకారు, కాస్త జిగురు, మీటరున్నర పట్టుదారం కావాలి. పట్టుదారం వాడుకలో సాగుతుంది కాబట్టి ముందురోజు రాత్రి దానికి చిన్న బరువు కట్టి వేలాడదీయండి. ఈ పని ఎగ్గొడితే నెల తిరక్కుండానే ముడుల మధ్య ఖాళీలు తేలతాయి.

దారాన్ని తీగ సూదిలోకి ఎక్కించి రెండు పేటలు చేయండి. చివర 15 సెంటీమీటర్లు వదిలి, అక్కడ బట్టల క్లిప్పు పెట్టండి. ఒక ముత్యం గుచ్చి, దాని పక్కన వదులుగా ఒక మామూలు ముడి వేయండి. అసలు కిటుకు ఇక్కడే ఉంది. ఆ వదులు ముడిలో కుట్టుసూది మొన దూర్చి, ముడిని ముత్యానికి ఆనేదాకా జరపాలి. ఆనిన తరువాతే సూది తీసి, పట్టకారుతో దారం పట్టుకుని బిగించాలి. దూరంగా బిగిసిన ముడి మళ్ళీ ఊడదు. ముడి రంధ్రంలోకి దూరిపోతుంటే దారం మరీ సన్నమని అర్థం. ఇలా 24 ముత్యాలకు 23 ముడులు. మొదటివి అయిదారు వంకరగానే వస్తాయి, కంగారు పడనక్కర్లేదు.

చివరి దారాన్ని హుక్కు వలయంలోంచి తీసి, చివరి ముత్యంలోకే వెనక్కి పోనిచ్చి, పక్క ముడి దగ్గర ఒకసారి కట్టండి. తరువాతి ముత్యంలోనూ అలాగే చేసి, జిగురు చుక్క పెట్టి, ఆరాక మిగిలిన దారం కత్తిరించండి. క్లిప్పు తీసి రెండో కొసనూ ఇదే విధంగా ముగించండి. కొసల్లో దారం రెండుసార్లు పోవాలి కనుక కాస్త పెద్ద రంధ్రాలున్న ముత్యాలను అటూ ఇటూ రెండేసి ముందే ఏరిపెట్టుకోవడం మంచిది.

ఇంటిపట్టున ఉండే ఆడవారికి ఉపాధి అనగానే మన దాతలకు కుట్టుమిషను గుర్తొస్తుంది. మంచిదే. కానీ ఈ పనిముట్లన్నీ ఒక చిన్న డబ్బాలో పడతాయి. సాగే రబ్బరు దారానికి పూసలు ఎక్కించిన బ్రేస్‌లెట్లు బజారు నిండా ఉన్నాయి, వాటితో పోటీపడి అమ్మడం కష్టం. నా అభిప్రాయంలో అసలు ఆదాయం పాత దండలు తిరిగి గుచ్చడంలో ఉంది. తరచు వేసుకునే దండ దారం చెమటకు మాసి, సాగి, ఏడాది రెండేళ్ళలో మార్చవలసి వస్తుంది. ముత్యాలు ఖాతాదారువే, పెట్టుబడి దారం మాత్రమే. కూలి ముడి లెక్కన మాట్లాడుకుంటే శ్రమ ఎంతో ఇద్దరికీ తెలుస్తుంది.

పరాయి ముత్యాలు అమానత్. దండ చేతికి అందగానే ఖాతాదారు ఎదుటే లెక్కపెట్టి, సంఖ్య కాగితం మీద రాసి సంతకం తీసుకోవాలి. దారం కత్తిరించేటప్పుడు కింద దుప్పటి పరుచుకోవాలి. తిరిగి ఇచ్చేటప్పుడు మరోసారి లెక్కపెట్టి, అత్తరు పూసుకున్నాకే దండ వేసుకోమని, ముందు కాదని చెప్పి పంపాలి.