యంత్రానికి తన ఇల్లు ఎలా తెలుస్తుంది? - సి.ఎన్.సి.లో హోమింగ్, లిమిట్ స్విచ్చులు

సి.ఎన్.సి. యంత్రానికి కరెంటు ఇచ్చిన క్షణంలో తానెక్కడ ఉన్నదీ దానికి తెలియదు. ఈ మాట చెబితే మా హాస్టలు మిత్రులు నవ్వారు. వెంట్రుకవాసి తేడా లేకుండా లోహాన్ని చెక్కే యంత్రానికి తన చోటు తెలియకపోవడమేమిటని వాళ్ళ ప్రశ్న. కారణం సులువే. చిన్న యంత్రాల్లో వాడే స్టెప్పర్ మోటారు, వచ్చిన పల్సులను బట్టి తిరుగుతుందే గాని, తిరిగానని మళ్ళీ కబురు పంపదు. ఒక చుట్టుకు 200 అడుగులు. డ్రైవరు ఒక్కో అడుగును 8 భాగాలు చేస్తే 1,600 పల్సులు. చుట్టుకు 5 మి.మీ. జరిపే స్క్రూ ఉంటే, మిల్లీమీటరుకు 320 పల్సులన్నమాట. కంట్రోలరు దగ్గర ఉన్నది ఈ లెక్క ఒక్కటే. కరెంటు పోతే లెక్కా పోతుంది.

అందుకే పని మొదలుపెట్టే ముందు యంత్రాన్ని ‘ఇంటికి’ పంపాలి. దీన్నే హోమింగ్ అంటారు. ముందు పనిముట్టు పైకి లేస్తుంది. తరువాత బండి ఒక మూలకు పోయి అక్కడున్న స్విచ్చును తాకుతుంది, కొంచెం వెనక్కి వస్తుంది, మళ్ళీ మెల్లగా పోయి తాకుతుంది. మొదటిసారి వేగంగా వెతకడానికి, రెండోసారి సరిగ్గా కొలవడానికి. చీకట్లో గుమ్మం తడుముకుని, అక్కడినుంచి అడుగులు లెక్కపెట్టుకుంటూ మంచం దగ్గరికి పోయినట్లు.

హైటెక్ సిటీ అంటే 1998లో మొదలైన సైబర్ టవర్స్, అద్దాల మేడలు, కంప్యూటర్లు అనే మనలో చాలామంది అనుకుంటాం. యంత్రాల పని నేర్చుకోవాలంటే బాలానగర్ పోవాలి, అక్కడ 1968 నుంచీ సెంట్రల్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ టూల్ డిజైన్ ఉంది కదా అని సీనియర్లు చెప్పేవారు. 2023 మార్చి 2న రాయదుర్గంలో టి-వర్క్స్ ప్రారంభమయ్యాక, నమూనాలు చేసే పని కూడా ఈ మేడల మధ్యకు వచ్చింది. నేను పోయింది అంత పెద్ద చోటికి కాదు. మొన్నటి వేసవి సెలవుల్లో మాదాపూర్ సందులో ఒక చిన్న వర్క్‌షాపులో సాయంగా ఉన్నాను. జీతం లేదు గాని, సాయంత్రాలు యంత్రం మీద నా పని చేసుకోనిచ్చేవారు.

నా పని ఏమిటంటే, మక్కలు విత్తే యంత్రానికి విత్తనాల పలక. మా పాత పలక గళ్ళు అరిగిపోయి ఒక్కో చోట మూడేసి గింజలు పడుతున్నాయి, ఒక్కో చోట అసలు పడటమే లేదు. 6 మి.మీ. నైలాన్ రేకులో, అంచు చుట్టూ 24 గళ్ళు చెక్కాలి. మిరుగు కార్తెలోపు ఇస్తానని నాయినకు మాటిచ్చాను.

యంత్రం సగం పని చేసి ఆగిపోయింది. లిమిట్ అలారం. తిరిగి నడిపితే మళ్ళీ అక్కడే ఆగింది. బండి ఏ స్విచ్చుకూ దగ్గరలో లేదు.

ఇక్కడ ఒక విషయం చెప్పాలి. లిమిట్ స్విచ్చును రెండు రకాలుగా కలపవచ్చు. నొక్కితే కలిసేది ఒకటి, నొక్కితే విడిపోయేది ఇంకొకటి. బావి దగ్గరి మోటారు స్టార్టరు చూసినవాళ్ళకు ఇది కొత్త కాదు. ఆకుపచ్చ బటను నొక్కితే కలుస్తుంది, ఎర్ర బటను నొక్కితే విడిపోతుంది. ఎర్ర బటను వైరును ఎలుక కొరికినా మోటారు ఆగుతుందే గాని, ఆపలేని స్థితి రాదు. లిమిట్ స్విచ్చుకూ ఆ రెండో పద్ధతే మంచిది. వైరు తెగితే యంత్రం ఆగుతుంది. మొదటి పద్ధతిలో అయితే వైరు తెగిన సంగతి, బండి పోయి గోడకు గుద్దుకున్నాక తెలుస్తుంది.

మా యంత్రానిది రెండో పద్ధతే. అది ఆగి మంచి పనే చేసింది. నేనేం చేశాను? కంట్రోలరు దగ్గర ఆ స్విచ్చు రెండు కొసలనూ చిన్న వైరుముక్కతో కలిపేశాను. అలారం పోయింది. ఇది నాకు ఊళ్ళో అబ్బిన విద్య. స్టార్టరులో ప్రివెంటరు మాటిమాటికీ మోటారును ఆపేస్తుంటే దాన్ని తప్పించి నడపడం మా దగ్గర మామూలే. అట్లాగే నడిపి మా మోటారు ఒకసారి కాలిపోయింది కూడా. అయినా బుద్ధి రాలేదు.

ఆ రాత్రి ఇంకో రెండు గళ్ళు పడ్డాయి, ఇంతలో కరెంటు పోయింది. పొద్దున వచ్చి హోమింగ్ నొక్కాను. బండి స్విచ్చును తాకింది, ఆగలేదు. వైరుముక్క ఉంది కదా, స్విచ్చు ఎన్నటికీ నొక్కబడనట్లే లెక్క. స్విచ్చును విరిచి చివరి పలకకు గుద్దుకుని, మోటారు గరగరమని అక్కడే అడుగులు వేస్తోంది. పక్కనున్న మిత్రుడు ఎమర్జెన్సీ బటను కొట్టాడు. అంతకు ఒక్క నిమిషం ముందు నేను పొట్టు ఊడవడానికి ఆ మూలలోనే చెయ్యి పెట్టి ఉన్నాను.

విరిగిన స్విచ్చు మార్చి, పాత పని ఆగినచోటి నుంచే మొదలుపెట్టాను. ఇది రెండో తప్పు. కొత్త స్విచ్చు సుమారు 2 మి.మీ. పక్కకు బిగిసింది. రేకు ఎక్కడ ఉన్నదీ యంత్రం ఇంటి నుంచే కొలుచుకుంటుంది కాబట్టి, ఇల్లు జరిగితే పనీ జరుగుతుంది. మిగిలిన గళ్ళన్నీ పక్కకు పడ్డాయి. రేకు పాడైపోయింది.

వర్క్‌షాపులో మెకానిక్ అన్న అంతా విని ఒక్కటే అడిగాడు: “మీటరు పట్టి చూసినవా?” పట్టలేదు. ఆయన చూసిన వరుస ఇదీ. ముందు అలారం ఎప్పుడు వస్తోందో గమనించాలి. కరెంటు ఇవ్వగానే, ఏదీ నొక్కకుండానే స్విచ్చు నొక్కినట్లు చూపిస్తే, కలిపిన పద్ధతికీ కంట్రోలరులో పెట్టిన సెట్టింగుకూ పొత్తు లేదన్నమాట, లేదా వైరు పూర్తిగా తెగింది. జి.ఆర్.బి.ఎల్. అనే ఉచిత కంట్రోలరు ప్రోగ్రాములో ఆ సెట్టింగు సంఖ్య 5. స్పిండిల్ తిరిగినప్పుడే వస్తే, దాని డ్రైవు కేబులు పక్కనే స్విచ్చు వైరు పోతోందేమో చూడాలి. రెంటినీ దూరం చేసి, షీల్డు ఉన్న వైరు వేసి, షీల్డును ఒక కొసన మాత్రమే ఎర్త్ చేయాలి. హోమింగ్‌లో అలారం 9 వస్తే స్విచ్చు దొరకలేదని అర్థం. వైరు షార్టు గాని, దిక్కు తారుమారు గాని కావచ్చు. అలారం 8 వస్తే వెనక్కి వచ్చినా స్విచ్చు వదల్లేదని. మీట ఇరుక్కుని ఉండవచ్చు, వెనక్కి వచ్చే దూరం చాలకపోవచ్చు.

మాది ఇవేవీ కాదు. స్పిండిల్ ఆపి చేత్తో జరిపినా, బండి ఒక చోటు దాటితేనే వస్తోంది. కరెంటు తీసి, కంట్రోలరు నుంచి ఆ వైరు కొసలు విప్పి మీటరు పెట్టి, బండిని చేత్తో తోశాం. సగం దూరం దాకా మీటరు కూత పెట్టింది, ఆ తరువాత ఆగింది. వెనక్కి లాగితే మళ్ళీ కూత. కేబులు చైను మలుపులో, పైన తొడుగు బాగానే ఉండి లోపల రాగి తెగింది. మామూలు ఇంటి వైరు వాడారు. రోజూ వేలసార్లు వంగేచోట సన్నపోగుల ఫ్లెక్సిబుల్ కేబులే ఉండాలి.

కొత్త కేబులు వేశాక పదిసార్లు హోమింగ్ చేసి డయల్ గేజ్ పెట్టి చూశాం. ముల్లు ప్రతిసారీ దాదాపు అదే గీత మీదికి వచ్చింది. అప్పుడు కొత్త రేకు బిగించి, దాని మూల నుంచి కొలత మళ్ళీ పెట్టుకుని, 24 గళ్ళూ ఒక్క దఫాలో చెక్కాను.

ఆ సాయంత్రమే నాయిన ఫోన్ చేశాడు. “వాన పడ్డది బిడ్డా, ఆగితే పదును పోతది. నాగలి కట్టినం, మీ అమ్మ సాలెంబడి గింజలేస్తున్నది.” రెండెకరాలు అట్లాగే విత్తారు. మిగిలిన ఎకరానికి పలక అందింది.